తిన్న రెండు గంటలకు

ఉచ్చ గురించి రాయబోతున్నాను. ముక్కు మూసుకునేవాళ్ళు ఇప్పుడే పేజీ తిప్పేసుకోవచ్చు, నేనేమీ అనుకోను. కానీ మీ ఇంట్లో షుగరున్న మనిషి ఒక్కరైనా ఉంటే తిప్పరు, నాకు తెలుసు. మా ప్రొద్దుటూరులో షుగరు లేని ఇల్లు కావాలంటే టార్చిలైటు వేసి వెతకాలి. మిగతావాళ్ళకు షుగరు ఏం చేసిందో గానీ, నన్నూ మా అత్తనూ మాత్రం ఒకే తాడుతో కట్టేసింది. ఆ ముడి ఎట్లా విప్పుకున్నామో చెప్పడానికే ఇదంతా.

నాకు టైలరింగ్ షాపుంది. షాపంటే ఏమీ లేదు, మా ఇంటి ముందు గదే. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్సు వేస్తాను, పెళ్ళిళ్ళ కాలమైతే అన్నం తినడానికి కూడా తీరదు. పొద్దున్నుంచి రాత్రిదాకా నా బతుకంతా సూదితోనే. అయినా డాక్టరు చేతిలో సూది కనబడితే నాకు కళ్ళు తిరుగుతాయి. నవ్వుకోండి, మా వీధి వీధంతా నవ్వుతూనే ఉంది. గుడ్డలో దిగే సూది వేరు, ఒంట్లో దిగే సూది వేరు అని ఎంత చెప్పినా ఒక్కరికీ ఎక్కదు.

ఎనిమిదేళ్ళ కిందట ఉన్నట్టుండి చిక్కిపోయాను. బిందెడు నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. నేను కుట్టుకున్న జాకెట్లు నాకే వదులైపోయి, కొలత తప్పానేమోనని టేపును అనుమానించాను. అప్పట్లో చూసిన పెద్ద డాక్టరు నన్ను కిందికీ పైకీ చూసి, సన్నగా ఉన్నావు కాబట్టి నీ ఒంట్లో ఇన్సులిన్ ఊరడం ఆగిపోయింది, ఇక జీవితాంతం సూదే అని తేల్చేశాడు. దానికి పరీక్ష గిరీక్ష ఏమీ లేదు. ముఖం చూసి జాతకం చెప్పినట్టు చెప్పాడు.

మొదటిరోజు సూది మా ఆయన వేయబోయాడు. ఆయన కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేస్తాడు. అంతలేసి యంత్రాల మధ్య తిరిగే మనిషి, నా పొట్ట మీద చర్మం పట్టుకోగానే వణికిపోయాడు. నేను అరిచాను. ఆయన నాకన్నా గట్టిగా అరిచాడు. అప్పుడు మా అత్త వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కొడుకును పక్కకు నెట్టి సిరంజి లాక్కుంది.

మా అత్తది ముద్దనూరు పక్క పల్లె. ఈ ఇంటికి రాకముందు, వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్ళు బర్రెలు మేపింది. పశువుల కాంపౌండరు తన తీరిక చూసుకుని వచ్చేవాడట, అంతలో బర్రె చచ్చేట్టుందని ఆయన దగ్గరే సూది వేయడం నేర్చుకుంది. "ఎనుముకేసిన చెయ్యి ఇది, నువ్వెంత, కదలాకు" అంటూనే వేసేసింది. నిజం చెప్పాలంటే నొప్పి తెలియలేదు. ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేదు, చెబితే నెత్తినెక్కి కూర్చుంటుంది.

అది మొదలు పొద్దున ఏడింటికి ఒకటి, సాయంత్రం ఏడింటికి ఒకటి. వరండాలో ఒక స్టూలు ఉంది. నేను దాని మీద కూర్చుని గోడ వైపు తల తిప్పుకుంటాను. అత్త వచ్చి పొట్ట మీద ఇంత కండ గిల్లి పట్టుకుని సూది దించి, దూదితో రుద్ది వెళ్ళిపోతుంది. మేం పోట్లాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా ఆ టైము తప్పలేదు. ఆ రోజుల్లో సూది కాస్త గట్టిగా దిగేది, అంతే తేడా.

దీనివల్ల జరిగిందేమిటంటే, ఆమె లేకుండా నేను ఎక్కడా ఒక రాత్రి ఉండలేను. నేను లేకుండా ఆమె ఉండలేదు. జమ్మలమడుగులో మా అమ్మవాళ్ళ ఇంటికి బస్సెక్కితే కబుర్లు మొదలయ్యేలోగా దిగొచ్చు. అక్కడ కూడా అత్త పక్కన పడుకోవాల్సిందే. ఆమె తన కూతురిని చూడటానికి పులివెందుల పోవాలన్నా నేను షాపు మూసి బయలుదేరాల్సిందే. ఎక్కడికి పోయినా మేమిద్దరం, మాతో పాటు ఐసు ముక్కల మధ్య మందు పెట్టిన ఫ్లాస్కు. పెళ్ళి పిలుపులకు వచ్చినవాళ్ళు జంటగా రండి అంటే, మా ఆయన తల దించుకునేవాడు. ఆ జంట తను కాదని ఆయనకు తెలుసు.

నా కోరిక చాలా చిన్నది. ఒక్కదాన్నే మా అమ్మ ఇంటికి పోవాలి. పొద్దెక్కేదాకా పడుకోవాలి. ఏడు గంటలకు నా పొట్ట ఎవరూ గిల్లకూడదు. ఈ కోరిక ఎనిమిదేళ్ళు నాలోనే దాచుకున్నాను. అత్తకు చెబితే నొచ్చుకుంటుందని కాదు, సరే నీ సూది నువ్వే వేసుకోమంటుందని భయం.

ఇట్లా ఉండగా ఊళ్ళోకి ఒక కొత్త డాక్టరమ్మ వచ్చింది. కోస్తా పిల్ల. మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. మా అత్తయితే, ఆమె తిట్టినా పొగిడినట్టే ఉంటుంది, నమ్మేదెట్లా అని మొదట్లో సందేహించింది. ఆ డాక్టరమ్మ నా మందుల చీటీ చూసి, మళ్ళీ నన్ను చూసి అంది: "ఇంత తక్కువ డోసుతో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారా? అయితే మీ ఒంట్లో ఇన్సులిన్ ఇంకా తయారవుతూనే ఉందేమోనండి. ఉంటే మెల్లగా మాత్రలకు మారొచ్చు. ఒకసారి చూద్దాం."

నా గుండె ఒక్కసారి ఎగిరి, వెంటనే జారింది. చూద్దాం అంటే రక్తం తీస్తారు. అంతకుముందోసారి ల్యాబులో నరం దొరక్క అక్కడా ఇక్కడా పొడుస్తుంటే నేను కళ్ళు తిరిగి పడ్డాను. పడేటప్పుడు చేతికందిన పచ్చ కర్టెన్ పట్టుకున్నాను, అది రాడ్డుతో సహా నా మీదికి వచ్చింది. ఆ కథ ఈమెదాకా చేరిందని చిరునవ్వును బట్టి అర్థమైంది. రక్తమొద్దు, ఒంట్లో సూది దించకుండానే తెలుసుకునే దారి ఉంది, మూత్రం చాలు అంది. నేను ఆమె కాళ్ళకు మొక్కలేదు గానీ మొక్కినంత పని చేశాను.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. మన ఒళ్ళు ఇన్సులిన్‌ను ముందు ఒక పొడుగాటి ముక్కగా తయారుచేస్తుందట. తర్వాత మధ్యలో కొంత కత్తిరించి పారేస్తుందట. ఆ కత్తిరించిన ముక్కకు సి-పెప్టైడ్ అని పేరు. అది రక్తంలో తిరిగి తిరిగి కొంత మూత్రంలో బయటికి పోతుంది. సీసాలో వచ్చే ఇన్సులిన్‌లో ఆ ముక్క ఉండదు. కాబట్టి మూత్రంలో ముక్క దొరికితే అది మన సొంత ఒళ్ళు చేసిన పనే. నీళ్ళు ఎక్కువ తాగినా తక్కువ తాగినా లెక్క తప్పకుండా ఇంకేదో దానితో పోల్చి చూస్తారట, అది నాకు సరిగ్గా ఎక్కలేదు. మొదటిది మాత్రం బ్రహ్మాండంగా ఎక్కింది. మా షాపులో ముక్కల బుట్ట చూస్తే ఆ రోజు నేనెన్ని జాకెట్లు కుట్టానో చెప్పొచ్చు. బజారులో కొన్న రెడీమేడ్ జాకెట్టు బుట్టలో ముక్క వేయదు. ఈ మాట అంటే డాక్టరమ్మ పకపకా నవ్వి, దీన్ని మిగతా పేషెంట్లకు వాడుకుంటానండీ అంది.

ఒక చిన్న ప్లాస్టిక్ సీసా ఇచ్చింది. అడుగున చిటికెడు తెల్లటి పొడి ఉంది. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి జాతిదేనట, దానివల్ల సీసా దూరపు ల్యాబుకు చేరేదాకా లోపలిది చెడిపోదు. చేయాల్సింది ఇంతే. భోజనానికి ముందు ఒకసారి పోయి రావాలి. రోజూ తినే అన్నిటిలో పెద్ద భోజనం తినాలి. సూది మామూలుగానే. మధ్యలో ఒకటికి పోకూడదు. తిన్న రెండు గంటలకు సీసాలో పట్టాలి. "కడుపునిండా తినండి, తగ్గించకండి" అని రెండుసార్లు చెప్పింది. ఎనిమిదేళ్ళలో ఒక డాక్టరు నోట తినమనే మాట విన్నది అదే మొదలు. మా అత్త పక్కనే నిలబడి ప్రతి మాటకూ తల ఊపింది. ఆ తల ఊపడాన్ని నేను అప్పుడే అనుమానించి ఉండాల్సింది.

ఎందుకంటే మా వీధిలో షుగరు పరీక్షకు పోయే పద్ధతి ఒకటుంది. పరీక్ష వారముందనగా పత్యం మొదలవుతుంది. అన్నం బందు. కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, సాయంత్రం వీధి చివరిదాకా చేతులు ఊపుకుంటూ నడక. పరీక్ష రోజు రక్తమిచ్చి, చేతి మీద దూది తీయకుండానే నేరుగా హోటలుకు పోయి, ఎర్రకారం పూసిన దోసెలు, పైన ఉగ్గాని బజ్జీ. నంబరు తక్కువ వస్తే డాక్టరు మెచ్చుకుంటాడు, వీళ్ళు మురిసిపోతారు, మళ్ళీ పరీక్ష దాకా ఇష్టారాజ్యం. ఈ విద్యకు మా అత్త వీధికంతా గురువు. ఆమెకు షుగరు చుక్క కూడా లేదు, అయినా ఎవరికి పరీక్ష ఉందో, ఎవరు దొంగగా లడ్డు తిన్నారో ఆమెకు తెలియకుండా ఉండదు. పరీక్ష అంటే పాసు కావాల్సింది అని ఆమె నమ్మకం.

ఆ వారం మా ఇంట్లో బియ్యం అయిపోయాయి. ఊరి నుంచి రావాల్సిన మూట రాలేదనీ, అంగట్లో బియ్యమంతా రాళ్ళేననీ, వారం ఓపిక పట్టమనీ అత్త అంది. జొన్నరొట్టె, ఆకుకూర, కాకరకాయ, మళ్ళీ కాకరకాయ. నేను పెళ్ళి జాకెట్ల మీద మునిగి ఉన్నాను, ఏది పెడితే అది తిన్నాను. పరీక్ష రోజు మాత్రం ఇల్లంతా మసాలా వాసన. నాటుకోడి పులుసు, వేపుడు, ఉడికించిన గుడ్లు, పక్కన అరచేయంత జొన్నరొట్టె ఒకటే ఒకటి. డాక్టరమ్మ పెద్ద భోజనమనింది గదా, తిను అని ముక్కల మీద ముక్కలు వేసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికి కొన్ని, అత్త ప్రేమకు కొన్ని. అన్నం లేని లోటు కోడి తీర్చింది. రెండు గంటలాగి సీసా నింపి ఇచ్చేశాను.

ఫలితం వచ్చిన రోజు మా ఆయనతో పోయాను. డాక్టరమ్మ కాగితం చూసింది. చాలా తక్కువ వచ్చిందండీ, దాదాపు లేనట్టే, సూదులే కొనసాగిద్దాం అంది. ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద మా ఆయన వీపుకు ముఖం ఆనించి ఏడ్చాను. అంతకుముందు ఆశ లేనప్పుడు ఏ బాధా లేదు. ఆశ పెట్టి తీసేసుకున్నందుకు కడుపు మండిపోయింది. గడపలో ఎదురొచ్చిన అత్తకు, తక్కువొచ్చింది అని ఒక్క మాట చెప్పి లోపలికి పోయి పడుకున్నాను.

కాసేపటికి బయట సందడి. తలుపు తీసి చూస్తే మా అత్త అరుగు మీద నిలబడి వచ్చినవాళ్ళకు వచ్చినట్టు మైసూర్‌పాకు పంచుతోంది. మా కోడలికి తక్కువొచ్చింది, ఈసారి శానా తక్కువంట అని చాటింపు వేస్తోంది. చుట్టూ ఆడవాళ్ళు ఏం పత్యం పెట్టావని ఆరా తీస్తున్నారు. నా ఒంట్లో ఏదో తెగింది.

"అత్తా, ఇది తక్కువ రాగూడదు. ఇది ఎక్కువ రావల్ల."

మైసూర్‌పాకు ముక్క పట్టుకున్న ఆమె చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఎక్కువ రావాల్సిన పరీక్ష ఒకటి ఉంటుందని ఆమె జన్మలో వినలేదు. సరిగ్గా అప్పుడే పక్కింటి ఖాలా ఒక మూటను ఈడ్చుకుంటూ వచ్చింది. ఖాలా నా జాకెట్లకు కాజాలు కుడుతుంది, ఆమె కొడుకు కువైట్‌లో డ్రైవరు. మనసులో ఏదీ దాచుకోలేని మనిషి, ఇంట్లో కూడా ఎక్కువ కాలం దాచలేదని అప్పుడు తెలిసింది.

"పరీక్ష అయిపాయ గదా, మీ బియ్యం మూట తీస్కపోండి. మా ఇంట్లో ఎలకలు పడతాండాయి" అంది.

 ముందు ఎవరో కిసుక్కుమన్నారు, ఇక వీధంతా ఆగలేదు. నేను నవ్వలేదు. ఊరి నుంచి రాని మూట, రాళ్ళ బియ్యం, గుట్టగా వడ్డించిన కోడి, పక్కన బుడ్డ రొట్టె, అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసలో వచ్చి నిలబడ్డాయి. నోటికొచ్చినట్టు అరిచాను. నా బతుకు నాశనం చేశావనీ, నువ్వు బర్రెలకే పనికొస్తావనీ అన్నాను. ఖాలా మధ్యలోకి వచ్చి, మూట మోసింది తనే కాబట్టి తనను కూడా తిట్టమంది. సరే అని ఆమెనూ తిట్టాను.

అందరూ పోయాక అత్త అరుగు మీదే కూర్చుంది. తల ఎత్తకుండా మాట్లాడింది.

"పరీచ్చకు పోతా కడుపునిండా తినేవాళ్ళు యాడన్నా ఉంటారా? నీకు మంచిగ రావల్లనే గదా చేస్తి. పొడిచి పొడిచి నీ పొట్ట గట్టిపడె. దినామూ ఆడ చెయ్యి పెట్టేది నేను గదా, నాకు తెల్దా? ఆ సూది పోతే సాలనుకుంటి."

కోపం అప్పటికప్పుడు పోయేది కాదు, పోవాలని నేనూ అనుకోలేదు. ఏడింటికి స్టూలు మీద కూర్చుని గోడ వైపు తిరిగాను. మాటలు లేని రోజుల్లో గట్టిగా దిగే సూది ఆ సాయంత్రం దిగినట్టే తెలియలేదు.

మరుసటి రోజు డాక్టరమ్మకు జరిగింది చెబితే రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదలడం చూసి మొదట ఏడుస్తోందనుకున్నాను. నవ్వు ఆపుకున్నాక, ఏమేం తిన్నానో ఒక్కొక్కటీ అడిగింది. అన్నమూ తీపీ కడుపులో పడితేనే ఒంటికి గట్టిగా ఇన్సులిన్ చేయాల్సిన పని పడుతుందట. వారమంతా కడుపు మాడ్చి, చివరిరోజు కోడి పెట్టి, నీ ఒళ్ళు ఏం పని చేసింది అని అడిగితే అదేం చెబుతుంది? బట్ట ఇవ్వకుండా ఎన్ని జాకెట్లు కుట్టావని నన్నడిగినట్టు. ఇంకో సీసా ఇచ్చి, ఈసారి మీ అత్తగారు వండని చోట తినండి అంది. అయితే ఒక మాట కూడా చెప్పింది. ఈసారి కూడా తక్కువొస్తే, అది నిజమైన తక్కువేనట.

పులివెందులలో మా ఆడబిడ్డ తన మనవరాలికి చెవులు కుట్టిస్తోంది. సూదులు నన్ను ఎక్కడా వదలవు కదా. షామియానా వేసి వంటవాళ్ళను పిలిపించారు, కాబట్టి అత్త చెయ్యి పడే ప్రమాదం లేదు. ఎప్పటిలాగే ఇద్దరం, ఫ్లాస్కు, ఈసారి సీసా కూడా. వారం రోజులుగా మా ఇంట్లో అత్త రెండు పూటలా అన్నమే వండింది, అడగకపోయినా. అక్కడ బంతిలో నా పక్కన కూర్చుని తను తినడం మానేసి నా ఆకు చూస్తూ కూర్చుంది. నెయ్యి కారే ఓళిగలు, చిత్రాన్నం, పప్పన్నం, గుత్తివంకాయ, పాయసం. వడ్డించేవాడు నన్ను దాటి పోతే చాలు, వెనక్కి పిలిచి ఇంకొకటి వేయించేది. చాలంటే వినదు. ప్రాయశ్చిత్తం ఆమెది, పొట్ట నాది.

మొదటి గంట బాగానే గడిచింది. రెండో గంటలో పాయసం, మజ్జిగ తమ పని మొదలుపెట్టాయి. నేను కాళ్ళు మెలిపెట్టుకుని గోడ గడియారం కింద కూర్చున్నాను. సంగతి అత్త ఎవరికి చెప్పిందో గానీ అక్కడున్న చుట్టాలందరికీ తెలిసిపోయింది. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ గడియారం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి ధైర్యం చెప్పి పోతున్నారు. ఒక ముసలాయన ఇంకా ఎంతసేపని తన భార్యను పంపి అడిగించాడు. మీకెందుకయ్యా అని అరవాలనిపించింది, కానీ అరిచేందుకు కూడా నేను కదిలే పరిస్థితిలో లేను.

టైమైంది. సీసా పట్టుకుని లేచాను. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూము, అది లోపల గడియ వేసి ఉంది. బయట తెల్లచొక్కాల వాళ్ళు నలుగురు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. లోపలున్నది ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ లేచి నిలబడే పెద్దాయన. కార్ల వరసతో వచ్చాడు. ఆయన ఉన్న తలుపు తట్టే మనిషి ఇంకా పుట్టలేదు. నాకు చెమటలు పట్టాయి. ఇంకో నిమిషమైతే పరీక్ష అక్కడే షామియానాలో అయిపోయేది. మా అత్త నా చేతిలో సీసా లాక్కుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఆ నలుగురి మధ్యలోంచి పోయి తలుపు మీద దబదబా బాదింది.

"ఎవరప్పా లోపల? బిరబిరా బయటికి రా. మా కోడలికి టైమయింది."

తెల్లచొక్కాల్లో ఒకాయన ఆమె చెవి దగ్గర వంగి లోపల ఎవరున్నారో చెప్పాడు. అత్త గొంతు తగ్గించలేదు.

"ఎవరైతే ఏంది? ఆయప్పది ఎవరూ సీసాలో పట్టి పరీచ్చకు పంపరు గదా."

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. పెద్దాయన సీసా వైపు చూశాడు, నా ముఖం చూశాడు, ఏమర్థమైందో గానీ పక్కకు తప్పుకుని దారిచ్చాడు. తర్వాత కాలంలో ఆయన గురించి మా ఇంట్లో ఎవరు ఏమన్నా అత్త ఒప్పుకునేది కాదు, మంచి మనిషి అనేది.

తిరుగు బస్సులో అత్త సీసాను తుండుగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ముద్దనూరులో ఎక్కి మా పక్క సీటులో కూర్చున్న ఒకామెకు గుడ్డ జారి సీసా కనబడింది. ఏందది అని అడిగింది. అత్త కనురెప్ప వేయకుండా తేనె అంది. తేనె ఇంత పలచగా ఉందేమని ఆమె అనుమానపడింది. ఈ కాలంలో చిక్కటి తేనె యాడుంది తల్లీ, ఇదన్నా దొరికింది అని అత్త నిట్టూర్చింది. నేను కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను. బియ్యం మూట తర్వాత మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడే, జమ్మలమడుగు దాటేదాకా ఆపుకోలేకపోయాం.

ఫలితానికి అత్త కూడా వచ్చింది. వద్దన్నా వినలేదు. డాక్టరమ్మ కాగితం మీద నుంచి తల ఎత్తకముందే అత్త అడిగింది.

"తల్లీ, ఎక్కువా తక్కువా? ఈసారి సరిగ్గా చెప్పు, నేను మిఠాయి కొనల్ల."

"ఎక్కువేనమ్మా. బాగా వచ్చింది. మీ కోడలి ఒళ్ళు పని చేస్తూనే ఉంది."

నాకు ఏడుపు ఆగలేదు. సూది తప్పుతుందన్న సంతోషం ఒకటి. ఇన్నేళ్ళు చేతకాని ఒళ్ళని తిట్టుకున్నాను, అది మాత్రం నాకు తెలియకుండా మూలన కూర్చుని తన జాకెట్లు తను కుడుతూనే ఉంది, ఆ జాలి ఒకటి. ఉన్నపళంగా సూది మానకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మాత్ర మొదలుపెట్టి, ఇంట్లో అత్త చూసే షుగరు లెక్కను బట్టి వారం వారం సూది డోసు తగ్గించింది. ముందు సాయంత్రం సూది పోయింది. తర్వాత పొద్దుటిది కూడా ఇక అక్కర్లేదంది.

ఆ మర్నాడు నేను జమ్మలమడుగు పోవాలనుకున్నాను. ఒక్కదాన్నే. ఎనిమిదేళ్ళ కోరిక. రాత్రే సంచి సర్దుకున్నాను, అత్తకు కూడా చెప్పాను. ఆమె సరేనంది.

పొద్దున ఏడింటికి చూసుకుంటే నేను స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఎప్పుడు వచ్చి కూర్చున్నానో నాకే తెలియదు. అత్త వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది, వేళ్ళ మధ్య దూది కూడా ఉంది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆమె వంగి, నా పొట్ట మీద ఎప్పటిలాగే ఇంత కండ గిల్లి పట్టుకుంది. కాసేపు అట్లాగే ఉండి వదిలేసి, దూదితో రుద్దింది.

"ఇంగ నాకేం పనుంది లే" అంది. నవ్వుతూనే అంది, కానీ నా వైపు చూడలేదు.

ఒంటరిగా పోవాలని నేనెంత ఆశపడ్డానో నాకు తెలుసు. ఆ ఆశ ఆ ఒక్క మాటతో ఎక్కడికి పోయిందో తెలియదు. పైకి మాత్రం చిరాకు ముఖం పెట్టాను.

"మాత్ర మింగాలంటే నాకు భయంగా ఉంది అత్తా. గొంతులో ఇరుక్కుంటే మా అమ్మకు ఏం చేయాల్నో తెల్దు. నువ్వు గూడా రా."

"మాత్రకు గూడా భయమేనా? ఎనుమే నయం" అంది. అబద్ధమని ఆమెకు తెలుసు. ఇన్ని వారాలుగా ఆమె ముందే నీళ్ళు కూడా లేకుండా మింగుతున్నాను.

చీర మార్చుకుని వస్తుందని, సంచి సర్దుకోవడానికి అరగంటైనా పడుతుందని గడపలో కూర్చున్నాను. అంతలో ఖాలా గోడ అవతలి నుంచి ఒక సంచి అందించింది. రాత్రే మీ అత్త తెచ్చి దాచమనింది, తీస్కో, దీనికీ ఎలకలు పడతాయి అంది. తెరిచి చూస్తే అత్తవి రెండు చీరలు, దువ్వెన, కింద మా పాత ఫ్లాస్కు. మూత తీశాను. ఐసు లేదు, నాకిష్టమైన పాయసం ఉంది.